సతీసమేతంగా రావలెను

"కళకు ఎల్లలు లేవు! ప్రేమకు పేర్లు లేవు! మా సమితి హృదయానికి తలుపులే లేవు!"

ఈ మూడు మహావాక్యాలనూ బెజవాడ పటమట రసజ్ఞ సమితి అధ్యక్షులు వీరభద్రయ్యగారు స్వయంగా రచించి, ఆర్టు పేపరు మీద అయిదు వందల కరపత్రాలు వేయించారు. అడుగున చిన్న అక్షరాల్లో "గమనిక: సన్మాన గ్రహీత సతీసమేతంగా రావలెను" అని కూడా ఉంది. హృదయానికి తలుపులు లేకపోయినా గుమ్మానికో కాపలా ఉండాలి కదా మరి!

సన్మానం నతానియేలు అనే దర్శకుడికి. ఆయన ఇరవై ఆరేళ్ల కిందట ఒకే ఒక్క సినిమా తీశాడు. పేరు 'రెండు బాసికాలు'. పామర్రులో ఒకే ముహూర్తానికి, పక్కపక్క పందిళ్లలో పెళ్లి కావలసిన ఇద్దరు పెళ్లికొడుకులు పీటల మీంచి లేచి, ఒకే బస్సెక్కి బెజవాడ పారిపోయి వస్తారు. ఇంటాయన ఫ్యామిలీకి తప్ప అద్దెకివ్వనంటాడు. ఇద్దరిలో ఒకడు చీర కట్టుకుంటాడు. ఇక అక్కణ్నుంచి ఇంటాయన, పోలీసులు, రెండు బస్సుల పెళ్లివారు, రెండు గంటల గోల! చివర అందరూ శాంతించి "ఇంక చీర విప్పెయ్యవయ్యా" అన్నప్పుడు తెలుస్తుంది, వాళ్లు పారిపోయింది పెళ్లిళ్ల నుంచే గాని ఒకరి నుంచి ఒకరు కాదని. ఇద్దరు మగవాళ్ల ప్రేమకథను, జనం పొట్ట చేత్తో పట్టుకుని నవ్వుతుండగా, చివరిదాకా ఎవరికీ అనుమానం రాకుండా చెప్పేసిన సినిమా అది.

ఆ సినిమా బెజవాడలో నాలుగు రోజులాడింది. అయిదో రోజున సంస్కృతి పరిరక్షకులు జెండాలతో హాలు ముందు బైఠాయించారు. ఆరో రోజున హాల్లో భక్తి చిత్రం వేశారు. నతానియేలు ఆటోనగర్‌లో లారీ స్పేర్‌పార్టుల కొట్టు పెట్టుకున్నాడు. ఆ పరిరక్షకుల నాయకుడు అప్పుడే పటమటలో చేనేత చీరల షాపు తెరిచిన యువకుడు. పేరు వీరభద్రయ్య.

అవునండీ, ఆయనే.

పోయిన నెలలో యూరప్‌లో ఎక్కడో చిత్రోత్సవంలో ఈ సినిమా వేశారట. తెల్లవాళ్లు లేచి నిలబడి చప్పట్లు కొట్టారట. మన పేపర్లో అరపేజీ వ్యాసం పడింది. ఇలాంటి మాణిక్యాన్ని బెజవాడ నాలుగు రోజుల్లో తరిమేసిందని ఉంది అందులో. "ఎవరండీ ఆ తరిమిన మూర్ఖులు?" అని వీరభద్రయ్యగారు మనస్ఫూర్తిగా బాధపడ్డారు. సరిగ్గా ఆ వారమే జిల్లా సాంస్కృతిక మండలిలో ఒక సభ్యత్వం ఖాళీ అయింది. విశాల భావాలున్నవారికి ప్రాధాన్యమన్నారు. ఛాయాదేవి అనే అధికారిణి సమితి సభకు వచ్చి, కళ్లారా చూసి రిపోర్టు రాస్తారన్నారు. కబురు మధ్యాహ్నం తెలిసింది. సాయంత్రానికల్లా వీరభద్రయ్యగారు విశాలమైపోయారు!

ఆటోనగర్ వెళ్లి చూస్తే నతానియేలు కౌంటరు వెనక క్లచ్ ప్లేట్లు తుడుచుకుంటున్నాడు. అరవై దాటినా మనిషి నిటారుగా ఉన్నాడు.

"శాలువా మీ ఇష్టమండీ. నాది ఒక్కటే కోరిక. స్టేజీ మీద నా పక్కన ఫిలిప్ కూర్చోవాలి. వెనకాల కాదు, కింద ముందు వరసలో కాదు. పక్కన. అలాగైతేనే వస్తాను."

"దానికేం భాగ్యమండీ! తప్పకుండా!" అనేశారు వీరభద్రయ్యగారు.

ఫిలిప్ ఆ సినిమాలో చీర కట్టిన నటుడు. ఆ తర్వాత మరో వేషం దొరకలేదు. ఇప్పుడు చర్చిలో హార్మోనియం వాయిస్తాడు. ఈ ఇరవై ఆరేళ్లూ ఆయనా నతానియేలూ పటమటలో ఒకే మేడమీద వాటాలో ఉంటున్నారు. ఇంటాయనకు తెలుసు, పాలవాడికి తెలుసు, పాస్టరుగారికీ తెలుసు. అందరికీ తెలిసిన సంగతిని ఎవరూ పైకి అనకపోవడాన్నే పటమటలో మర్యాద అంటారు.

కార్యవర్గం సమావేశమైంది. నిబంధన పధ్నాలుగు ప్రకారం వేదిక మీద రెండో కుర్చీ సతిది. ఆవిడకు చీర, పసుపు కుంకుమ, తాంబూలం ఇవ్వాలి. సమితి పుట్టిననాటి నుంచీ ఈ ఆచారం తప్పింది లేదు. ఒక పండితుడికి భార్య పోతే ఆవిడ ఫోటోను కుర్చీలో కూర్చోబెట్టి, ఫోటో మీద చీర కప్పారు. ఒక బ్రహ్మచారి కవి వస్తే వాళ్ల అక్కగారిని తెమ్మన్నారు.

వీరభద్రయ్యగారు ఫోను చేశారు. "నతానియేలు గారూ, మీకు అక్కగారెవరైనా ఉన్నారాండీ?"

"ఉందండీ, హెలెన్ అక్క. మచిలీపట్నంలో ఉంటుంది. ఎందుకూ?"

"రెండో కుర్చీకండీ."

"నాతో ఇరవై ఆరేళ్లు కాపురం చేసింది మా అక్క కాదండీ," అని ఫోను పెట్టేశాడు నతానియేలు.

కరపత్రాలు పంచేశారు. అధికారిణి తేదీ ఇచ్చేశారు. నతానియేలు రాకపోతే సభ లేదు, సభ లేకపోతే సభ్యత్వం లేదు! వీరభద్రయ్యగారు ఒక రోజంతా అన్నం సయించక ఆలోచించి, చివరికి మినిట్సు పుస్తకంలో ఇలా తీర్మానం రాయించారు: "రెండవ కుర్చీ ఖాళీగా ఉన్నట్లు పరిగణించవలెను. ఖాళీ కుర్చీలో ఎవరైనా ఆసీనులైనచో దానికి సమితి బాధ్యత వహించదు." కార్యవర్గం ఏకగ్రీవంగా ఆమోదించింది.

ఇక చీర. ఖాళీ కుర్చీకైనా చీర పెట్టాల్సిందే, నిబంధన నిబంధనే! షాపులో ఆయన మంగళగిరి చీరలు తిరగేస్తుంటే భార్య వెంకటరావమ్మగారు పక్కన నిలబడి మడతలు వేస్తున్నారు.

"ఈ మావిడిపిందెల అంచుది తీయండి. బావుంది."

"ఆవిడెవరో లేనే లేదుగా. ఏదైతేనేం?"

"అదేంటండోయ్! నాకైతే పెళ్లిరోజు పెళ్లిరోజుకీ అంత మాట చెప్తారు!"

ఆ మాట గురించి చెప్పుకోవాలి. వీరభద్రయ్యగారు ముద్దూముచ్చటా తెలిసిన మనిషి కాదు. కాని ఏటా పెళ్లిరోజున షాపులోంచి ఒక చీర తెచ్చి భార్య చేతిలో పెట్టి, కిటికీలోంచి బయటికి చూస్తూ, "చీరకేముందే, ఊరినిండా ఉన్నాయి. చీరలో ఉన్న మనిషి ఒక్కతేగా!" అంటారు. ఏడాది పొడుగునా ఆయన విసుగూ చిరాకూ ఆవిడ భరించేది ఈ ఒక్క మాట మీదే. తోడికోడళ్ల దగ్గర, పేరంటాల్లో, చివరికి రైల్లో పక్క సీటావిడకి కూడా చెప్పుకుని మురిసిపోయిన మాట అది.

సభ రోజు రానే వచ్చింది. సమితి హాలు కిటకిటలాడింది. హాలు ఊడ్చి కుర్చీలు వేసే ఆదెమ్మ స్టేజీ మీద రెండు కుర్చీలు పక్కపక్కన వేసి, తువ్వాలుతో తుడిచింది. నతానియేలు, ఫిలిప్ ఇస్త్రీ చొక్కాల్లో వచ్చి కూర్చున్నారు. ఫిలిప్ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒళ్లో పెట్టుకున్నాడు.

ఛాయాదేవిగారు ఫైలు తెరిచారు. "రెండో కుర్చీలో ఎవరండీ?"

"ఆ కుర్చీ ఖాళీ అండీ మేడమ్," అన్నారు వీరభద్రయ్యగారు.

ఆవిడ ఫిలిప్ వంక చూశారు. ఫిలిప్ నమస్కారం పెట్టాడు. ఆవిడ ప్రతినమస్కారం చేసి, "ఖాళీ" అని రాసుకున్నారు. ముప్పై ఏళ్ల సర్వీసు మరి!

వీరభద్రయ్యగారు ఆ రోజు ప్రత్యేకంగా కాలరుకు తగిలించుకునే మైకు తెప్పించారు. లేచి గొంతు సవరించుకున్నారు.

"సోదర సోదరీమణులారా! ఈ చిత్రరాజం పవిత్రమైన స్నేహబంధానికి ప్రతీక! మైత్రికి మణిహారం! అప్పట్లో కొందరు అజ్ఞానులు దీన్ని అడ్డుకున్నారు. వాళ్ల పేర్లు ఈ పుణ్య సమయంలో నేను చెప్పను. నేనైతే ఈ సినిమా ఒక్క రీలు కూడా చూడలేదని సవినయంగా మనవి చేస్తున్నాను. చూసి మెచ్చుకోవడం ఎవరైనా చేస్తారు! చూడకుండా మెచ్చుకోవడమే సంస్కారం!"

చప్పట్లు మోగాయి. స్నేహబంధం అన్నప్పుడు నతానియేలు తల దించుకున్నాడు. ఫిలిప్ ఆయన మోచేతి మీద చెయ్యి వేసి, ఎందుకో వెంటనే తీసేశాడు. ఖాళీ కుర్చీకి చేతులుండకూడదని గుర్తొచ్చిందేమో పాపం.

"సినిమా కొంచెం వేయరా?" అనడిగారు ఛాయాదేవిగారు. కార్యక్రమంలో అది లేదు. కాని అధికారిణి అడిగారాయె! నతానియేలు జేబులోంచి పెన్‌డ్రైవ్ తీసిచ్చాడు. లైట్లార్పారు. చివరి పది నిమిషాల సీను మొదలైంది.

తెర మీద ఇంటాయన తలుపు తోసుకొచ్చి నోరు తెరిచాడు. వాడింకా మాట్లాడకముందే హాల్లో స్పీకర్లన్నీ "అయ్యో నా అడ్వాన్సూ!" అన్నాయి. ఆ తర్వాత ఇంటాయన అన్నాడు, "అయ్యో నా అడ్వాన్సూ!"

జనం సౌండు సిస్టం పాడైందనుకున్నారు.

ఎస్సై లాఠీ ఎత్తాడు. "చీర కట్టినోడు ముద్దాయా, కట్టించినోడు ముద్దాయా?" అన్నాయి స్పీకర్లు. క్షణం తర్వాత ఎస్సై అదే అడిగాడు. స్పీకర్లు పకపకా నవ్వాయి. ఆ నవ్వు పటమటలో అందరూ ఎరిగిన నవ్వే. జనం ఒక్కొక్కరే స్టేజీ వైపు తిరిగారు. చీకట్లో వీరభద్రయ్యగారు కుర్చీ అంచుకు జరిగి, కళ్లలో నీళ్లు తిరిగేలా నవ్వుతూ, ఒక్కో డైలాగూ ముందుగానే అప్పజెప్పుతున్నారు. కాలరు మైకు ఉన్నట్టే ఆయనకు గుర్తులేదు.

తెర మీద గోల సద్దుమణిగింది. కుర్ర ఫిలిప్ చీర కొంగు చేత్తో పట్టుకుని, "ఇంక విప్పెయ్యొచ్చు. విప్పేస్తే నువ్వు వెళ్లిపోతావా?" అన్నాడు.

వీరభద్రయ్యగారి గొంతు ముందుగానే పలికింది. హాలంతా వినిపించింది.

"చీరకేముందిరా, ఊరినిండా ఉన్నాయి. చీరలో ఉన్న మనిషి ఒక్కడేగా!"

తెర మీద రెండో పెళ్లికొడుకు కూడా అదే అన్నాడు.

లైట్లు వెలిగాయి. వీరభద్రయ్యగారు కళ్లు తుడుచుకుంటూ తలెత్తి చూస్తే హాలంతా ఆయన్నే చూస్తోంది.

"అది... పేపర్లో చదివానండీ," అన్నారు.

వెనక గోడకు చేరగిలబడ్డ ఆదెమ్మ నవ్వేసింది. "అదేంటి బాబుగారూ! ఆ హాలు గేటుకాడ టిక్కెట్లు చింపింది నేనే గదా! నాలుగు రోజులూ, రోజుకి నాలుగాటలూ వచ్చారు. అయిదో రోజు పొద్దున నేనే అడిగాను, ఇవ్వాళ కూడానా బాబూ, అని. మొహం కందగడ్డ చేసుకుని ఎల్లిపోయి, మజ్జాన్నానికి జెండాలట్టుకుని వచ్చారు. నేనేం తప్పన్నానో నాకిప్పటికీ తెలవదు!"

ఛాయాదేవిగారి పెన్ను ఆగింది. ముందు వరసలో వెంకటరావమ్మగారు లేచి నిలబడ్డారు.

"పెళ్లయిన మొదటి నాలుగేళ్లూ మూగనోము పట్టిన మనిషి, అయిదో ఏట ఉన్నట్టుండి అంత మాట ఎలా నేర్చాడా అనుకున్నాను! ఇరవై ఆరేళ్లుగా నన్ను బులిపిస్తున్నది వీళ్ల మాటా? వీళ్ల సినిమా ఊళ్లోంచి వెళ్లగొట్టి, వీళ్ల ముద్దుమాట మాత్రం ఇంటికి తెచ్చుకున్నారా?"

"ఇంటికెళ్లాక మాట్లాడుకుందామే," అన్నారు వీరభద్రయ్యగారు. అదీ మైకులోనే.

"ఇక్కడే మాట్లాడండి. నాకు మీ సొంత మాట ఒక్కటి చెప్పండి, చాలు."

వీరభద్రయ్యగారు నోరు తెరిచారు. తెర వైపు చూశారు. తెర ఖాళీగా ఉంది. ఆయన అవస్థ చూడలేక నతానియేలు, ఎంతైనా దర్శకుడు కదా, వెనక నుంచి మెల్లగా అందించాడు. "ముందు క్షమించమనండి."

"క్షమించవే," అన్నారు వీరభద్రయ్యగారు.

"నాకు కాదు. వాళ్లకి చెప్పండి."

ఆ మాటంటూనే ఆవిడ స్టేజీ ఎక్కి, తాంబూలం పళ్లెంలోంచి మావిడిపిందెల అంచు చీర తీసి చంకలో పెట్టుకున్నారు. "ఇది నేను తీసుకుంటున్నాను. ఆయనకి చీరెందుకు, సినిమా అయిపోయిందిగా! మీ మెడలో శాలువా ఉంది, తీయండి."

వీరభద్రయ్యగారు అధ్యక్షుల శాలువా తీశారు. రెండు చేతులా పట్టుకుని రెండో కుర్చీ దగ్గరికి వెళ్లారు. ఫిలిప్ లేవబోతే నతానియేలు చెయ్యి పట్టి కూర్చోబెట్టాడు, ఈసారి వదల్లేదు. "ఫిలిప్ గారూ, క్షమించండి," అని వీరభద్రయ్యగారు శాలువా కప్పారు. చప్పట్లు కొట్టాలో వద్దో హాల్లో ఎవరికీ పాలుపోలేదు. ఆదెమ్మ ఒక్కతే కొట్టింది. తర్వాత మిగతావాళ్లు అందుకున్నారు.

ఛాయాదేవిగారు ఫైలు మీదికి వంగారు. "వీరభద్రయ్యగారూ, రెండో కుర్చీ ఖాళీ అని రాశాను. అలాగే ఉంచమంటారా?"

సభ్యత్వం ఆ ఫైల్లోనే ఉంది. వీరభద్రయ్యగారు దాని వంక ఒకసారి, భార్య వంక ఒకసారి చూసుకున్నారు.

"కొట్టేయండి మేడమ్. సతీసమేతంగానే వచ్చారు."