పద్మనాభయ్య దూరదర్శన ప్రతిష్ఠాసమరం

తూర్పున లవణసముద్రం ఘోషింప, ఆ ఘోషను మించి రొయ్యలగుంటల్లో నీరు చిలికే ఏరేటర్లు గర్జింప, పడమట కోతలు ముగిసిన వరిమళ్లు కొయ్యకాళ్లతో నిలువ, చైత్రమాసాన, శుక్రవారం ఉదయం పదిగంటలవేళ, కరెంటు సైతం కరుణించి నిలిచియున్న శుభలగ్నాన, అల్లూరుకు కూతవేటు దూరంలోని ఒక గ్రామంలో, యాభై అయిదు అంగుళాల విశాలవక్షంతో అట్టపెట్టెగర్భం వెడలి, తన్ను ఎవరు ఎక్కడ ప్రతిష్ఠింతురో ఎరుగక నిరీక్షించుచుండెను ఒక నూతన టీవీ.

ఆ గృహనాయకుడు పద్మనాభయ్య. పదెకరాల మాగాణికి అధిపతి. కాలువనీటి తగవుల్లో ఎదిరిపక్షాన్ని గట్టు దిగనివ్వని ప్రచండపరాక్రముడు. అట్టి ధీరుడు తన గడప లోపల మాత్రం ముప్పై ఏళ్లుగా ఒక్కటి తప్ప మరో పోరు గెలిచి ఎరుగడు. గోడల రంగు ఆయన ఎంచింది కాదు. బర్రెను అమ్మింది ఆయన్ని అడిగి కాదు. ఆయన మాట నెగ్గింది ఒకే ఒక్కసారి, అదీ ఇల్లు కట్టేటప్పుడు పెన్న ఇసుక దాకా ఎందుకు, సముద్రపొడ్డు ఇసుక చాలునని పట్టుబట్టిననాడు. ఈ టీవీ విషయంలోనూ మాట చెల్లకపోతే ఇక ఈ ఇంట తాను చుట్టపుచూపుగా వచ్చినవాడితో సమానమని ఆయనకు తోచింది. పైకి చెప్పుకోలేదు గాని, ఆ ఊహ ఆయన్ని నిజంగానే బాధించింది.

బుచ్చిరెడ్డిపాలెంలో తోడల్లుడి ఇంట గోడనెక్కి, పెళ్లిఫోటో సరసన, వీధిన పోయేవారికి సైతం దర్శనమిచ్చుచున్న టీవీని కన్నది మొదలు నిద్రాహారాలు అరకొరయైన ఆ మహానుభావుడు, నడుమున చేతులుంచి, కంఠమెత్తి ఇట్లు పలికెను:

"గోడకే కొట్టాల! టీవీ అంటే దేవుడి పటం మాదిరి పైన ఉండాల. వాకిట్లో నిలబడినోడిక్కూడా కనపడాల. బల్ల మీద పెట్టేదానికి అదేమన్నా మజ్జిగ ముంతా?"

అంతట వంటింటి నుండి, గరిటె ధరించి, ఆవిరి పరివేష్టింప, ఆయన ధర్మపత్ని చెంచమ్మ రంగప్రవేశం చేసింది.

"మీకేం, పడక్కుర్చీలో కూర్చోని చూస్తారు. అత్తకు మెడ లేస్తాదా? పొద్దస్తమానం మంచం మీద ఉండేది ఆమె. స్టాండు తెచ్చి కిందనే పెట్టండి."

ఉభయసేనల నడుమ మంచంపై శయనించిన రాజమాత వెంకటశేషమ్మ, ఎనభై ఏళ్ల వయోవృద్ధ, ఏ పక్షమూ వహింపక, "ఏదో ఒకటి చేయండ్రా, పన్నెండుకు నా సీరియలు ఉండాది" అని మాత్రం శాసించింది.

టీవీ బిగించవచ్చిన రవి కుమార్, భర్త ముఖమూ భార్య ముఖమూ చూచి, ముందుగా అరిచినవారి ఆజ్ఞయే ప్రమాణమని నిశ్చయించి, డ్రిల్లింగు మిషనును సారించి గోడపై దుమికాడు. గోడ ప్రతిఘటించలేదు. వచ్చిన చిక్కంతా అదే. మిషను పెట్టినచోటల్లా జలజలా ఇసుక రాలింది. వేలుపట్టే రంధ్రం నిమ్మకాయ పట్టేంతయింది. బిగించిన ప్లగ్గు బిగించినట్టే జారి నేలబడింది. మూడుచోట్ల యత్నించి, మూడుచోట్లా భంగపడి, రవి కుమార్ రాలిన పొడిని వేలికద్దుకొని నాలుకపై వేసుకొన్నాడు.

"ఉప్పన్నా! ఈ గోడకు క్యాలెండరు తగిలించినా నిలవదు. యాడిది ఈ ఇసుక, ఎవురు తోలించినారు?"

చెంచమ్మ గరిటెతో ఆ ఇసుకను చూపి, భర్త వంక ఒక్క చూపు చూచింది. ముప్పై ఏళ్ల దాంపత్యంలో ఆమె ప్రయోగించిన అస్త్రాలన్నింటిలోనూ అంత దారుణమైనది లేదు. పద్మనాభయ్య తల వంచుకొని, కాలి బొటనవేలితో నేలమీది ఇసుకను ఒక కుప్పగా చేయసాగాడు.

"స్టాండు ఉండాదా అబ్బాయ్?" అన్నది విజేత, తాపీగా.

"వ్యానులోనే ఉండాదక్కా. అయితే ఆ బస్తాలు తీయాల."

ఆ గోడ వెంట, రెండు దొంతరలుగా, దొంతరకు నాలుగేసి, ఏడాది తిండిగింజలు ఎనిమిది బస్తాలు దుర్గప్రాకారం వలె నిలిచియున్నవి. ఎనిమిదింటికీ లోపల వేరే చోటు లేనందున, వాటిని వరండాలో వేయించండని చెంచమ్మ అన్నదో లేదో, మంచం కిర్రుమన్నది.

"శుక్రవారం పూట తిండిగింజలు గడప దాటిస్తారటే? లచ్చిందేవిని మెడబట్టి నెట్టినట్టు కాదూ? నేను పోయినాక మీ ఇష్టం."

ఆ మాటకు ఎదురు చెప్పగలవారు ఆ ఇంట పుట్టలేదు, ఆ ఇంట మెట్టలేదు. స్టాండు వ్యానులోనే ఉండిపోయింది. గడియారం పదకొండున్నర చూపింది.

అప్పుడు పద్మనాభయ్య తల ఎత్తి, బస్తాలను చూచాడు. ఏటా చూచేవే. ఆ క్షణాన వాటి ఎత్తును చూచాడు.

"బస్తాల మీద పెట్టండి!" అని సింహనాదం చేశాడు. "గింజలు గడప దాటవు. గోడతో పని లేదు. నాలుగు బస్తాల ఎత్తున, వాకిలి దాకా కనపడతాది. ఏంది, ఎవురన్నా కాదంటారా?"

ఎవరూ కాదనలేదు. అందుకు ఆయనే ముందుగా ఆశ్చర్యపోయాడు. పాత తలుపుచెక్క బస్తాలపై పరుపబడెను. టీవీ తన రెండు కాళ్లపై దానినధిష్ఠించి వెలిగెను. వీధిన పోతున్న చిన్నపోలయ్య ఆగి, "బొమ్మ బ్రహ్మాండంగా కనపడతా ఉండాది పద్మనాభన్నా!" అని కేకవేయగా, నాయకుని రొమ్ము రెండంగుళాలు పొంగింది.

"మెడ లాగుతా ఉండాది. ఒక వరస దించరా నాయనా" అన్నది తల్లి.

పై వరస రెండు బస్తాలూ దిగి మంచం పక్కకు చేరాయి. పన్నెండుకు సీరియలు మొదలైంది. రాజమాత దిండుపై తల కదపకుండా చూచింది. చెంచమ్మ మిగిలిన బస్తాలను ఒక్కచూపులో కొలిచింది.

"దించిన రెండూ రేపే మిల్లుకు పోతాయి. తర్వాత ఈ ఆరూ. నెలన్నరకో బస్తా తింటాం. వచ్చే కోతల్లోపల మీ టీవీ నేలకు దిగుతాది. అప్పుడు స్టాండు తెచ్చుకుందాం" అన్నది, కోపం లేకుండా.

భోజనాలవేళ మామిడికాయపప్పు వడ్డించారు. ఆ పప్పు కనబడితే మూడుమార్లు అన్నం కలిపే మహాభోక్త పద్మనాభయ్య, చెంచమ్మ మారు అన్నం తేగానే బస్తాల వైపొక చూపు చూచి, పళ్లెం మీద చెయ్యి అడ్డం పెట్టాడు.

"చాలు."

"అదేంది, ఒంట్లో బాగలేదా?"

"బాగానే ఉండాది. చాలన్నాను కదా."

సమస్త దిక్కులారా, వినుడు! ముప్పై సంవత్సరాల పరాజయపరంపర పిమ్మట, స్వగృహాంతర్భాగాన, సకుటుంబసమక్షాన తన మాట నెగ్గించుకొన్న పద్మనాభయ్య, ఆ శుక్రవారం మధ్యాహ్నం, తన విజయాన్ని ఒక గరిటెడు అన్నం మేరకు పొడిగించుకొన్నాడు.