మెజారిటీతో గెలిచిన ముద్దాయి

లవీనియా టటిల్‌కు భర్త మీద ఉన్న ఫిర్యాదు ఒక్కటే. పదకొండేళ్ల కాపురంలో ఆయన ఎవర్నీ గట్టిగా ఒక్క మాట అనలేదు. పెరట్లో పడ్డ పరాయి పందిని సైతం బతిమాలి బయటికి పంపే మనిషి. ఒహాయోలో బండి చక్రాలు చేసుకుంటున్న ఆ అసాహెల్‌ను, అమెరికా అంతర్యుద్ధం రాగానే ఊరివాళ్లు ఓట్లేసి మరీ తమ వాలంటీరు సైనికుల కంపెనీకి కెప్టెన్‌ను చేశారు. వాళ్లకు కావలసిందీ అలాంటి మెత్తని కెప్టెనే మరి.

ఆ చలికాలం ఆమె భర్తను చూడడానికి కెంటకీ శిబిరానికి వచ్చింది. ఆ ఉదయం ఎండు ఆపిల్ ముక్కలు నానబోసి 'పై' అనే తీపి రొట్టె చేద్దామనుకుంటూ ఉండగా కల్నల్ హార్క్‌నెస్ దగ్గర్నుంచి కాగితం వచ్చింది. ఈ నెల మీ కంపెనీలో ఒక్కరికీ శిక్ష పడలేదు, అంటే క్రమశిక్షణ లేదన్నమాట, మధ్యాహ్నంలోగా ఒక దోషి మీద అభియోగపత్రం పంపండి, లేదా మీ కెప్టెన్ హోదా తెలిపే భుజం పట్టీలు పంపండి, అని దాని సారాంశం.

"ఎవర్ని పంపను లవీనియా? అందరూ మనవాళ్లే," అన్నాడు అసాహెల్ దగ్గుతూ.

అదే కంపెనీలో సిపాయిగా ఉన్న ఆమె తమ్ముడు ఈనక్ నవ్వాడు. "దీనికింత బెంగేంటి బావా? నిన్నెలా ఎన్నుకున్నాం? దోషినీ అలాగే ఎన్నుకుందాం."

ఎంచే బాధ తప్పినందుకు అసాహెల్ ప్రాణం లేచొచ్చింది. అయితే దోషికి వారం రోజులు ఖైదు గది. అందులో ఇనప పొయ్యి ఉంది, డ్రిల్లు లేదు. ఆ సంగతి గుర్తుకు రాగానే అభ్యర్థులు పుట్టుకొచ్చారు.

"నేను తుపాకి బాయొనెట్ కత్తికి మాంసం గుచ్చి కాల్చుకున్నా!"

"అదో నేరమా? నేను కాపలాలో రెండుసార్లు నిద్రపోయా!"

"నాకేం వినపడలేదురా నాయనా," అంటూ అసాహెల్ చెవులు మూసుకున్నాడు. కాపలాలో నిద్రపోతే కాల్చి చంపేస్తారు.

ఎనభై చీటీలు విప్పారు. అరవై ఒక్కదాని మీద అసాహెల్ పేరే ఉంది.

"నన్నా?"

"క్రమశిక్షణ లేకపోవడంలో మా వంతు తలా కాస్తే," అన్నాడు ఈనక్. "మొత్తం నీదే కదా బావా! పైగా నీకు దగ్గు. పొయ్యి దగ్గర వారం రోజులు వెచ్చగా పడుకో."

"ఏమండీ, ఉద్యోగం ఊడుతుంది!" అంది లవీనియా.

"ఈ ఓట్లతోనే కెప్టెన్నయ్యాను. ఇప్పుడు చెల్లవంటే ఏం బాగుంటుంది? రాయి."

ఆమె గుండ్రటి దస్తూరీతో రాసింది: 'కెప్టెన్ అసాహెల్ టటిల్ అను నేను, కెప్టెన్ అసాహెల్ టటిల్ మీద చేయు ఫిర్యాదు.' కింద ఓట్ల లెక్క కూడా వేసింది.

గంటలో కల్నల్ ఊగిపోతూ వచ్చాడు. వెనకే నోటుబుక్కుతో ఆయన సహాయాధికారి.

"ఫిర్యాదీవి నువ్వే, దోషివి నువ్వే! సాక్షి ఎవరయ్యా?"

"మా ఆవిడండీ."

"తియ్ ఆ పట్టీలు!" అని కల్నల్ కంపెనీ వైపు తిరిగాడు. "ఈయనకి ఓటేసినవాళ్లు ఒక్క అడుగు ముందుకి రండి. శిక్ష మీక్కూడా!"

ధన్ మని ఒక్కటే చప్పుడు. ఎనభై బూట్లు ఒకేసారి నేలను తాకాయి. వరస దారం పట్టి గీసినట్టుంది.

కల్నల్ కాగితం చూసుకున్నాడు. "వచ్చినవి అరవై ఒక్క ఓట్లే కదా?"

"మిగతావాళ్లు ఇప్పుడే మనసు మార్చుకున్నారండీ," అన్నాడు ఈనక్.

ముప్ఫై ఏళ్ల సర్వీసులో కల్నల్ అంత ఒక్కటిగా పడిన అడుగు వినలేదు. వరస పొడవునా నడిచాడు. వెనక్కి నడిచాడు. పట్టీ ఊడదీయలేక అవస్థపడుతున్న అసాహెల్ చేతిని ఆపాడు.

"ఉంచవయ్యా. నీ కంపెనీకి క్రమశిక్షణ లేదన్నాను. తప్పు నాదే."

సహాయాధికారి రాసుకోబోయి, కల్నల్ తప్పును ఏ శీర్షిక కింద రాయాలో తెలియక నోటుబుక్కు మూసేశాడు.