అక్కగారి గేటు ముందు ఎర్రలైటు

ఆ ఆదివారం సుబ్రహ్మణ్యేశ్వరరావుగారి పథకం చాలా చిన్నది. పొద్దున్నే భార్య విజయను కారెక్కించుకుని అమలాపురం నుంచి రాజోలు వెళ్ళడం, హరిబాబుగారబ్బాయితో తమ కూతురు దుర్గాశ్రీ సంబంధం ఖాయం చేసుకోవడం, మధ్యాహ్నానికి ఇల్లు చేరి పడుకోవడం. ఈ సంగతి తన వైపు చుట్టాల్లో ఒక్కరికీ తెలియకూడదు. ముఖ్యంగా మామిడికుదురులో ఉన్న అక్కగారు సూర్యకుమారికి అస్సలు తెలియకూడదు.

అక్కగారు చెడ్డమనిషి కాదు. కాకపోతే ఆవిడ నోటికి తలుపుల్లేవు. మొదటి సంబంధం వాళ్ళని "మీ అబ్బాయిది చిన్నప్పట్నించీ బట్టతలేనాండీ?" అని ఎంతో ఆప్యాయంగా అడిగింది. రెండో సంబంధం వాళ్ళింట్లో కాఫీ తాగి, పాలవాణ్ణి మార్చుకోమని సలహా ఇచ్చింది. రెండూ తప్పిపోయాయి. ఈసారి అబ్బాయి నాగసతీష్ దుర్గాశ్రీకి తెగ నచ్చాడు. "నాన్నా, అత్తకి మాత్రం తెలియనివ్వకు," అని బయల్దేరేముందు బతిమాలి మరీ చెప్పింది. రావుగారికి వేరే చెప్పక్కర్లేదు. ఇది కూడా పోతే మళ్ళీ ఇంకెవరి సోఫాలోనో కూర్చుని నవ్వే ఓపిక ఆయనలో మిగల్లేదు.

అక్కగారిల్లు రోడ్డు మీదే. అది దగ్గర పడగానే ఆయన అద్దాలెత్తి, తల కాస్త వంచి, వేగం పెంచారు. సరిగ్గా అప్పుడే స్టీరింగు వెనక నూనెడబ్బా బొమ్మ ఎర్రగా వెలిగింది.

"ఏంటండీ అది?" అంది విజయ.

"ఆయిల్ ప్రెజరు లైటు. అది వెలిగేక నడిపితే ఇంజిన్ పట్టేస్తుందంట."

"అని ఇక్కడాపేస్తారా?"

"మరెక్కడాపను?" అంటూ ఆయన నీరసంగా తాళం తిప్పేశారు. కారు తనంతట తాను మెల్లగా దొర్లి, అక్కగారి గేటు ముందు ఆగింది.

"ఏవండోయ్, తమ్ముడొచ్చేడండీ!" అని ఇంట్లోకి కేకేసి, సూర్యకుమారి పరుగున వచ్చింది. "గేటు బయట ఆగిపోయేవేంట్రా? విజయా, పొద్దున్నే ఆ పట్టుచీరేంటే?"

"మిగతావన్నీ ఇస్త్రీకెళ్ళేయండి వదినగారూ."

"ఎక్కడికి ప్రయాణం?"

రావుగారికి అబద్ధాలాడే అలవాటు లేదు. అందుకని నోటికొచ్చిన మొదటిదే ఆడేశారు. "రాజోలులో హరిబాబుగారని తెలిసినాయన అక్కా. ఒంట్లో బాగోలేదంటే పలకరించొద్దామని."

"అయ్యో, ఏం జబ్బో?"

"డాక్టర్లకే తెలియట్లేదంటండి," అంది విజయ, భర్తకు సాయం చేద్దామని.

కారు బాగోలేదంటే ఆ వీధి ఊరుకునేదేమో గానీ, మనిషికి బాగోలేదంటే ఊరుకోదు. పక్కింటి సత్తెమ్మ అప్పుడే గోడ మీంచి తొంగి చూసింది.

ఈలోగా కొబ్బరికాయల వ్యాపారం చేసే బావగారు అప్పలస్వామి, మెకానిక్ అంజిబాబుని పిలుచుకొచ్చారు. అతను బానెట్ ఎత్తి, ఆయిలు కొలిచే పుల్ల లాగి, తుడిచి, మళ్ళీ ముంచి చూశాడు.

"ఆయిలు నిండుగానే ఉందండి."

"హమ్మయ్య, అయితే బాగున్నట్టేగా?" అన్నారు రావుగారు.

"ఆయ్, అదే భయమండి. ఆయిలుండీ ప్రెజరు లేదంటే పంపన్నా పోయుండాలండి, ఇంజిన్ లోపలన్నా అరిగుండాలండి. లేదంటే లైటే తప్పు చూపిస్తుండాలండి. ప్రెజరు కొలిచే గేజి బిగించి చూస్తే గానీ చెప్పలేనండి."

"అయితే మేం ఆటోలో వెళ్ళొచ్చేస్తాం," అన్నారు రావుగారు చివరి ఆశతో.

"ఆటో ఏంటి బావా? అవతల మనిషి ఎలా ఉన్నాడో ఏంటో! మన వ్యానుంది కదా," అన్నారు అప్పలస్వామి.

వ్యాను తీసేసరికి సత్తెమ్మ, ఎదురింటి దంపతులు, వాళ్ళింటికొచ్చిన చుట్టాలు వెనకెక్కి కూర్చున్నారు. రోగికి మంచిదని ఓ కొబ్బరిబొండాల గెల కూడా ఎక్కింది. ముందు సీటు వదినామరదళ్ళది. రావుగారు ఇస్త్రీ చొక్కాతో గెల పక్కన కూలబడ్డారు. దారి పొడుగునా సత్తెమ్మ రకరకాల జబ్బుల గురించి చెప్పింది. ఆయనకు అన్నీ తనకే ఉన్నట్టనిపించింది.

హరిబాబుగారు పట్టుపంచె కట్టుకుని వీధరుగు మీద ఎదురుచూస్తున్నారు. వ్యాను ఆగీ ఆగకముందే అక్కగారు దూకినంత పని చేసింది.

"లేవకండి అన్నయ్యగారూ! మిమ్మల్నెవరు లేవమన్నారు?"

ఇద్దరు చెరో రెక్కా పట్టుకుని ఆయన్ని అరుగు మీదున్న మంచమ్మీద పడుకోబెట్టారు. సత్తెమ్మ విసరడం మొదలెట్టింది. అప్పలస్వామి బొండం చెక్కి నోటికందించారు. హరిబాబుగారు మర్యాదస్తుడు కాబట్టి సగం తాగి, అప్పుడడిగారు. "రావుగారూ, నాకేమైందండీ?"

"డాక్టర్లకే తెలియలేదంటండి," అంది సత్తెమ్మ కళ్ళొత్తుకుంటూ.

సరిగ్గా అప్పుడే ఆయన భార్య సత్యనారాయణమ్మ మిఠాయి పళ్ళెంతో వచ్చి, "పెళ్ళివారొచ్చేరా?" అని గుమ్మంలోనే ఆగిపోయింది.

అందరూ పళ్ళేన్ని చూశారు. తర్వాత రావుగారిని చూశారు.

"మీకేం కాలేదండి. కారాగిపోతే నేనే అబద్ధం చెప్పేను," అన్నారాయన. "అక్కా, ఇది దుర్గాశ్రీ సంబంధం. నీకు చెప్తే..."

"నాకు తెలియకూడదనా తమ్ముడూ?" అంది సూర్యకుమారి. ఆవిడ అంత మెల్లగా మాట్లాడడం రావుగారు పుట్టాక వినలేదు. దుర్గాశ్రీకి పురుడు పోసిందీ, మొదటి గోరుముద్ద తినిపించిందీ ఆవిడే. ఆయనకు సిగ్గుతో తల వాలిపోయింది. సంబంధమూ పోయింది, అక్కా పోయింది అనుకున్నారు.

హరిబాబుగారు లేచి కూర్చున్నారు. "ఉన్నమాట చెప్తానండి. ఇద్దరమే వస్తాం, ఎవరికీ చెప్పొద్దని మీరన్నప్పుడు మా ఆవిడకి అనుమానమొచ్చింది. మీకు అయినవాళ్ళెవరితోనూ పడదేమోనని. ఇవాళ మర్యాదగా కాదనేద్దామనే కూర్చున్నాం." ఆయన గెలకేసి చూశారు. "ముక్కూమొహం తెలియని నాకోసం ఇంతమంది పరిగెత్తుకొచ్చేరు. ఇంకేం చూడాలండీ? ఖాయం చేసుకుందాం."

మిఠాయిలు పంచుతుండగా అంజిబాబు ఫోన్ చేశాడు. "గేజి పెట్టి చూసేనండి. ప్రెజరు బ్రహ్మాండంగా ఉందండి. లైటుకి కబురందించే సెన్సారు పోయిందండి, మార్చేస్తున్నాను. లైటే అబద్ధం చెప్పిందండి."

"పోన్లే, దాన్నేం అనకు," అన్నారు రావుగారు.

తిరుగు ప్రయాణానికి వ్యానెక్కేటప్పటికి అక్కగారికి గొంతు పూర్తిగా తిరిగొచ్చింది. "చూసేవా తమ్ముడూ, నావల్లే కుదిరింది. ఇంక పెళ్ళయ్యేదాకా వియ్యాలవారితో మాటలన్నీ నేనే చూసుకుంటాను. నువ్వెళ్ళి హాయిగా పడుకో."

రావుగారి గుండెల్లో ఎర్రలైటు వెలిగింది. ఆ సెన్సారు మాత్రం బాగానే ఉంది.