నేల వదలని ఉద్యోగం

ఆదివారం పొద్దున జలపతి పెట్టుకున్నది చిన్న పనే. కోరుట్లలో రాజలింగం కొత్తగా కట్టిన మూడంతస్తుల బట్టల దుకాణం ముందరి అద్దాలు కడగాలి, పదింటికల్లా ముగించాలి. మర్నాడే ప్రారంభం. పని నచ్చితే ఏడాది పొడుగునా ఆ అద్దాల పని నీకేనన్నాడు రాజలింగం. నచ్చకపోతే శుక్రవారం దుబాయి విమానం. అక్కడ ఏడేళ్ళు ఉండి వచ్చాడు జలపతి. అయిదేళ్ళ కూతురు ఎదురుగా ఉంటే ముఖం దాచుకుంటుంది, పక్కగదిలోంచి ఫోన్ చేస్తేనే ముద్దుగా మాట్లాడుతుంది. ఇక పోకూడదని అతని పట్టుదల.

దుబాయిలో నేర్చిన పనే ఇది. పొడుగాటి కర్ర, దాని వెంట పైపు, కొసన బ్రష్షు. డ్రమ్ములోని నీళ్ళు కొసకెక్కుతాయి, మనిషి మాత్రం నేల మీదే ఉంటాడు. ఇదే తండ్రి మొగిలయ్యకు మింగుడుపడలేదు. రాయికల్‌లో నలభై ఏళ్ళుగా తాటిచెట్లు ఎక్కుతున్న మనిషి. ఆ పొద్దున కల్లు దింపి, చెట్టెక్కే మోకు భుజాన ఉండగానే బస్సెక్కి కొడుకు పనితనం చూడటానికి వచ్చాడు.

"గౌడోళ్ళ ఇంట్ల పుట్టి కింద నిలవడి పనిజేసుడేందిరా? నలుగురు జూస్తే ఏమనుకుంటరు?"

"గిది రూలు బాపు. కాలు భూమి మీద్నే ఉండాలె."

రూళ్ళు ఇంకా ఉన్నాయి. జలపతి హెల్మెట్ పెట్టి, పసుపు కోటు తొడిగాడు. నాలుగు ఎర్ర కోన్లు నిలిపి చుట్టూ తాడు కట్టాడు. కర్ర బిల్డింగు పక్కనుంచే పోయే కరెంటు వైరుకు తగులుతుందేమోనని లైన్‌మన్‌ను బతిమాలి లైను బందు చేయించాడు. "అన్నా, నేను చెప్పేదాక ఇయ్యకు" అని రెండుసార్లు చెప్పాడు. ఇక ఆఖరి రూలు: కర్ర ఎత్తాక కళ్ళు కొస మీదే ఉండాలి, ఎవరితోనూ మాట్లాడకూడదు. కొంప ముంచింది ఇదే.

పక్కన చాయ్ అమ్మే మల్లక్క, "ఏమైంది కొడుకా, గట్ల మీదికే జూస్తున్నవ్?" అని మూడుసార్లు అడిగింది. జలపతి పలకలేదు. హెల్మెట్, తాడు, బందయిన కరెంటు, పైకి చూస్తూ నోరు మెదపని మనిషి. మల్లక్క స్టవ్ ఎత్తుకుని రోడ్డు దాటింది. ఆమెను చూసి చెప్పుల దుకాణం షట్టర్ పడింది. షట్టర్ చప్పుడుకు టైలర్ తన మిషన్ బయటికి మోసుకొచ్చాడు. తొమ్మిదిన్నరకల్లా బిల్డింగు ఒరిగిందని రోడ్డంతా తెలిసిపోయింది. ఎటువైపు ఒరిగిందన్న దగ్గరే కాస్త తగాదా నడుస్తోంది.

రాజలింగం ఉరుకుతూ వచ్చాడు. "రేపు ఓపెనింగ్ వెట్టుకుంటే నా బిల్డింగు ఇజ్జత్ దీస్తివి గదరా! సామాను దీస్కొని నడువు!"

జలపతి కర్ర దించి ఎంత మొత్తుకున్నా వినే నాథుడు లేడు. కొడుకు ముఖం చూడలేక మొగిలయ్య మోకు అందుకున్నాడు.

"నలభై ఏండ్ల సంది ఎక్కుతున్న. ఏది పడ్తదో, ఏది నిలవడ్తదో నాకెర్క. జూడుండ్రి!"

"వద్దు బాపూ!" అనేలోపే ముందరి గుండ్రటి స్తంభానికి మోకు వేసి రెండో అంతస్తు దాకా ఎక్కేశాడు. గౌడు ఎక్కాడంటే అది పడదు, కాబట్టి జనం నెమ్మదించారు. కానీ ఆ స్తంభానికున్నది నున్నటి రాయి, దాని మీద కొడుకు పోసిన నీళ్ళు. కాలు జారింది. మూరెడు కిందికి వచ్చిన మొగిలయ్య, చేతికి దొరికినదాన్ని గట్టిగా పట్టుకున్నాడు.

దొరికింది కరెంటు వైరు.

ఏమీ కాలేదు. జలపతి జేబులో ఫోన్ మోగింది. లైన్‌మన్.

"గంటయింది తమ్మీ, లైను ఇయ్యమంటవా?"

"ఇయ్యకు!" జలపతి జన్మలో అంత గట్టిగా అరవలేదు.

మొగిలయ్య కాళ్ళు కుదుర్చుకుని మెల్లగా దిగాడు. రాజలింగం ఎదురెళ్ళి చేతులు పట్టుకున్నాడు. "గౌడా, నా ఇజ్జత్ నిలవెట్టినవ్! ఇగ సాలంత అద్దాలు నువ్వే ఎక్కి తుడువు. గీ తాళ్ళు, టోపీలు ఏమద్దు."

మొగిలయ్య చేతులు విడిపించుకున్నాడు. కొడుకును చూస్తే కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"పని నా కొడుక్కే ఇయ్యి సేటూ. వాడు కరెంటు బందు వెట్టియ్యకుంటే నేను గాడ్నే మాడిపోదును. జల్ది జెప్పు. ఇంకోటి, నువ్వు తాడు లోపట నిలవడ్డవ్, బయటికి నడువు."

రాజలింగం తాడు దాటి బయటికి వెళ్ళి, అక్కణ్ణుంచి సరేనని తల ఊపాడు.

శుక్రవారం విమానం జలపతి లేకుండానే ఎగిరింది. ఆ పొద్దునే రాయికల్‌లో కల్లుకు పోయినవాళ్ళు మొగిలయ్య తాటిచెట్టు చుట్టూ నాలుగు ఎర్ర కోన్లు చూసి, ఏమీ అడగకుండా తాడు బయటే నిలబడ్డారు.