కైయా జేబులో డబ్బా

శనివారం పొద్దున వేన్ నియెమి పెట్టుకున్న పని ఒక్కటే. పదిహేనేళ్ల కూతురు కైయాతో గడ్డకట్టిన సరస్సు మీదికి వెళ్లి, మధ్యాహ్నం దాకా చేపలు పట్టి రావాలి. ఆమె కోటును ట్రక్కులో వేస్తుంటే జేబులోంచి గుండ్రటి డబ్బా జారిపడింది. పెదవి కింద పెట్టుకునే పొగాకు డబ్బా. మూత చూడగానే అది ఏ రకమో వేన్‌కు తెలిసిపోయింది.

మూత తీయలేదు. రెండేళ్లుగా వాళ్ల ఫ్రిజ్ మీద బడివాళ్ల కాగితం ఒకటి అంటించి ఉంది. పిల్లల వస్తువులు వెతకకండి, అరవకండి, వాళ్లంతట వాళ్లు చెప్పేదాకా ఆగండి అని అందులో ఉంది. డబ్బాను జేబులోనే పెట్టేసి, ఆ మాట ఎలా ఎత్తాలో భార్య బానీని అడిగాడు.

బానీ సలహా కోసం తల్లికి ఫోన్ చేసింది. తల్లి ఎల్మా తమ చర్చి పాస్టర్ గారికి ఫోన్ చేసింది. తొమ్మిదింటికల్లా అందరూ ఏలకుల రొట్టెతో, కాఫీ ఫ్లాస్కుతో సరస్సు మీదికి వచ్చేశారు. ఇద్దరు కూర్చుని చేపలు పట్టడానికి మంచు మీద వేన్ కట్టిన చెక్క గుడిసెలో ఐదుగురు చేరారు. బయట మూడు ట్రక్కులు నిలిచాయి.

"కాస్త జరుగు వేన్, నా మోకాలు స్టవ్వుకి తగుల్తోంది," అంది ఎల్మా.

"ఎక్కడికి జరగను అత్తయ్యా? వెనక గోడ ఉంది."

కింద మంచు ఉరిమింది. ఆ చప్పుడు సరస్సు ఈ చివర నుంచి ఆ చివరకు పాకింది.

"ఎన్ని అంగుళాల మందం ఉంది?" అన్నారు పాస్టర్ గారు మెల్లగా.

"పద్నాలుగు."

"మేం రాకముందు కొలిచావా, వచ్చాకనా?"

మంచులో తవ్విన రంధ్రం మీంచి కైయా చూపు తిప్పలేదు. "ఇవాళేమైనా పండగా అమ్మమ్మా?"

"మీ నాన్న సాక్ష్యం చెప్తాడు తల్లీ," అన్నారు పాస్టర్ గారు. "నాలుగేళ్ల కిందట చర్చిలో అందరి ముందూ నిలబడి పొగాకు మానేస్తానన్నాడు గదా. ఎలా మానాడో నువ్వు వింటే మంచిది. చెప్పు వేన్."

వేన్ లేచాడు. తల కప్పుకు కొట్టుకుంది. ఎడమ బూటులో దాచిన డబ్బా చీలమండను ఒత్తింది. "నేను... నాలుగేళ్లుగా..."

గాలం ఒక్కసారి వంగి లేచింది. "ఎర తినేసి పోయింది," అంటూ కైయా జేబులోంచి డబ్బా తీసి మూత తిప్పింది. ఎల్మా కళ్లు మూసుకుంది. డబ్బా నిండా రంపపు పొట్టు, అందులో కదులుతున్న తెల్ల పురుగులు.

"జేబులో ఉంటే ఇవి గడ్డకట్టవు," అని ఒకదాన్ని కొక్కేనికి గుచ్చింది.

పాస్టర్ గారు నవ్వారు. ఎల్మా నవ్వలేదు. "పురుగులు సరే, డబ్బా ఎక్కడిది?"

"దొరికింది."

"ఎక్కడ దొరికింది?"

"దొరికింది అమ్మమ్మా. రొట్టె ఇటివ్వు."

ఎక్కడ దొరికిందో వేన్‌కు తెలుసు. తన ట్రక్కు సీటు కింద. కూతురు ఆ ఒక్క మాట అనేస్తే ఆమె గొడవ తీరిపోతుంది. ఆమె అనలేదు. తన వైపు చూడను కూడా లేదు.

"నాదే," అన్నాడు వేన్. "రెండేళ్లు మానాను. తర్వాత మళ్లీ మొదలెట్టాను."

"అందుకేనా పొద్దస్తమానం ఆ పుదీనా బిళ్లలు!" అంది బానీ.

వేన్ కూతురి పక్కన కూర్చున్నాడు. "నీకెప్పట్నుంచి తెలుసు?"

"మొదట్నుంచీ."

"మరి అడగలేదేం?"

"అరవొద్దు, వెతకొద్దు, ఆగమని ఉంది గదా. ఆ కాగితం ఫ్రిజ్ మీద ఎవరు అంటించారనుకున్నావ్ నాన్నా?"

వేన్ ఆ సరస్సు మీద నలభై ఏళ్లుగా చేపలు పడుతున్నాడు. రెండేళ్లపాటు గాలం కదపకుండా కూర్చున్న మనిషిని ఎన్నడూ చూడలేదు. కింద మంచు మళ్లీ ఉరిమింది. ఈసారి అతనికి వినిపించలేదు.

బూటులోంచి డబ్బా తీసి, మూత తెరిచి, పొగాకంతా రంధ్రంలో కుమ్మరించబోయాడు.

కైయా అతని చెయ్యి పట్టుకుంది. "వద్దు నాన్నా, చేపలకు అలవాటవుతుంది."