గుమ్మడి కజ్జికాయల పరీక్ష

ఆ రోజు పొద్దున కూడా ఆదినారాయణ అంగడి షట్టర్ ఎత్తలేదు. ప్రొద్దుటూరు బజారులో వాళ్ళ నాయన పెట్టిన చిరుతిండ్ల అంగడి అది. ఎదురుగా బేకరీ వచ్చినప్పటి నుంచి ఈగలు కూడా అటే పోతున్నాయి. ఈ దసరాకు జనం రాకపోతే మూసెయ్యడమే. ఆ దిగులుతో కొన్నాళ్ళుగా ముందు షట్టర్ దించేసి, వెనక ఇంట్లోనే పొయ్యి ముందు కూర్చుంటున్నాడు.

ఉపాయం చెప్పింది బెంగుళూరు నుంచి సెలవు మీద వచ్చిన కూతురు చందన. "నాయనా, ఆడ ఈ నెలలొస్తే కాఫీ అంగళ్ళలో అంతా గుమ్మడి మసాలానే. కేకులోనూ అదే, బిస్కెట్లోనూ అదే. మనం కజ్జికాయల్లో పెడదాం."

తీపి గుమ్మడి కోరి నేతిలో మగ్గించారు. దాల్చినచెక్క, జాజికాయ, లవంగం, శొంఠి దంచి కలిపారు. చేసి చేసి, చివరికి ఒక వాయి కుదిరింది. ఇక రుచి చూసి చెప్పేవాళ్ళు కావాలి.

"ఈడ అందరూ మొగమాటానికి బాగుందంటారు" అన్నాడు ఆదినారాయణ నీరసంగా. "పులివెందులలో అక్కకు, జమ్మలమడుగులో బామ్మర్దికి పంపుదాం. ఏమీ రాయొద్దు. ఫోన్ చేసినా చెప్పొద్దు. తిన్నాకనే అడుగుదాం. అప్పుడే నిజం బయటికొచ్చేది."

ఎక్కడ నోరు జారతాడోనని తన ఫోన్ కూడా భార్య సరోజమ్మకు ఇచ్చేశాడు. మరునాడు రెండు డబ్బాలు తొలి బస్సుల్లో వెళ్ళిపోయాయి.

పులివెందులలో అతని అక్క పెద్దసుబ్బమ్మ ఒక కజ్జికాయ విరిచి చూసి అక్కడే కూలబడింది. ఆ వైపు ఊళ్ళలో ఎవరైనా పోతే దినాల నాడు తీపి గుమ్మడి వంటకం చేస్తారు. రాలేని బంధువులకు వంతు పంపుతారు. వంతుతో మాట మాత్రం పంపరు. బేకరీ బాధలో ఈ సంగతి ఆదినారాయణ ఇంట్లో ఎవరికీ తట్టనే లేదు. పైగా పెద్దల అమావాస్య దగ్గర పడుతోంది.

ఆమె తమ్ముడికి ఫోన్ చేసింది. సరోజమ్మ తీసింది. శొంఠి దంచుతున్న ఘాటుకు ఆమెకు కళ్ళూ ముక్కూ కారిపోతున్నాయి. గొంతు పూడుకుపోయింది.

"ఏంది మే సరోజా ఇది? నా తమ్ముడు యాడ?"

"ఏమీ అడగొద్దు వదినా" అని సరోజమ్మ ముక్కు చీదింది. "చెప్పనని నాతో ఒట్టేయించుకున్నాడు. ముందు మీరు తినండి."

పెద్దసుబ్బమ్మ వెంటనే జమ్మలమడుగుకు, సరోజమ్మ తమ్ముడు గురప్పకు ఫోన్ చేసింది. "మాకూ వచ్చింది వదినా" అన్నాడు గురప్ప ఏడుపు గొంతుతో. "సగం డబ్బా తినేసినాక తట్టింది. మా బావ పోయింది చెప్పలేదు సరే, దినాలు గూడా చేసేసినారా!"

మధ్యాహ్నానికి ఇద్దరూ ప్రొద్దుటూరులో దిగారు. షట్టర్ దించి ఉంది. ఇంక అనుమానమేముంది? పెద్దసుబ్బమ్మ అంగడి మెట్ల మీద కూర్చుని రాగం ఎత్తుకుంది. పక్కన గాజులంగడి మున్వర్ పరుగెత్తుకొచ్చాడు. "శానా దినాలుగా మూసుండాదమ్మా. యాపారం లేక మూసినాడనుకుంటిని" అని బావురుమన్నాడు. క్షణంలో బజారంతా పోగైంది. ఎదురు బేకరీ అతను పాటలు ఆపి, మర్యాదగా తన షట్టర్ సగం దించాడు.

వంతు పారేయకూడదు, మిగల్చకూడదు. అందుకని పెద్దసుబ్బమ్మ ఏడుస్తూనే, తాము వెంట తెచ్చిన డబ్బాలు విప్పి వచ్చినవాళ్ళందరికీ కజ్జికాయలు పంచింది. అందరూ కళ్ళు తుడుచుకుంటూ నమిలారు. నెమ్మదిగా ఏడుపు తగ్గి నమలడం పెరిగింది.

"ఎవరు చేసినారో గానీ అమృతం" అన్నాడు మున్వర్. "ఆదినారాయణప్ప ఏనాడైనా ఇట్లా చేసినాడా? ఆయప్ప మురుకులు కొరికితే పళ్ళు కదిలేవి."

"పోయినోడ్ని అట్లనగూడదు" అన్నాడు గురప్ప.

"పోయినాడు కాబట్టే అంటాండా. ఉంటే అనగలనా?"

వెనక ఇంట్లో మిక్సీ ఆగాక ఈ గోల వినబడి ఆదినారాయణ షట్టర్ దాకా వచ్చాడు. ఎత్తబోయిన సరోజమ్మ చేయి పట్టుకున్నాడు. "ఆగు మే. నిజం మాట్లాడతాండారు" అని నేల మీద కూర్చుండిపోయాడు. ఇన్నేళ్ళూ ముఖం మీద బాగుందన్నవాళ్ళే. తను పోయినందుకు ఏడుస్తున్నారు గానీ, అంగడి పోయినందుకు ఒక్కరికీ బాధ లేదు. అది తట్టుకోలేక షట్టర్ ఎత్తేశాడు.

"అవి నేనే చేసినా" అన్నాడు.

బజారు నోరు తెరిచింది. పెద్దసుబ్బమ్మ లేచి తమ్ముడి చెంపలు రెండూ వాయించి, తర్వాత కావలించుకుని అసలైన ఏడుపు ఏడ్చింది. మున్వర్ చేతిలోని ముక్కను అనుమానంగా చూశాడు. "జాజికాయ కొంచెం ఎక్కువైనట్టుందప్పా."

"పైపిండి గూడా మందమే" అన్నాడు గురప్ప, నాలుగోది తీసుకుంటూ. బేకరీ అతను షట్టర్ ఎత్తి పాటలు పెట్టాడు.

దసరాకు ఒక్క కజ్జికాయ అమ్ముడుపోలేదు. దినాల తిండిని పండక్కి ఎవరు కొంటారు? చందన కళ్ళు తుడుచుకుంటూ బెంగుళూరు బస్సెక్కింది. మరునాడు ఆదినారాయణ నిచ్చెన వేసుకుని అంగడి బోర్డు విప్పుతున్నాడు. మాసిన గడ్డంతో ఒకాయన కింద నిలబడి తటపటాయించాడు.

"వేముల నుంచి వస్తాండా అప్పా. ఎల్లుండి మా నాయన దినాలు. ఆ పొద్దు నీ సావుకు పంచిన కజ్జికాయలు కావాల."

"నేను సావలేదప్పా."

"అది నీ ఇష్టం. కజ్జికాయలు మాత్రం అవే కావాల."

ఆదినారాయణ నిచ్చెన దిగకుండానే విప్పిన మేకు మళ్ళీ కొట్టాడు. వేముల తర్వాత కొండాపురం, ఆ తర్వాత జమ్మలమడుగు నుంచి కబురొచ్చింది. బేకరీలో దొరకని సరుకు ఇదొక్కటే. అంగడి నిలబడింది, పొద్దున్నుంచి దీపాలు పెట్టేదాకా జనమే.

కాకపోతే కొన్నవాళ్ళెవరూ చావింటి మర్యాద తప్పరు, పోయొస్తామని చెప్పకుండానే వెళ్ళిపోతారు.