నీలి నాలుకల తనిఖీ

మా ప్లైవుడ్ కర్మాగారంలో పనిచేసేవాళ్ళందరికీ నాలుకలు నీలంగా ఉంటాయని కొండ కింది ఊళ్ళలో చెప్పుకుంటున్న మాట నిజమే. ఇందులో దాచవలసిందేమీ లేదు. ఇది అంటువ్యాధి కాదు, చేతబడి అంతకన్నా కాదు. యాజమాన్యం తీసుకున్న పటిష్ఠమైన చర్యలు ఫలించాయనడానికి అది నిదర్శనం. ఆ చర్యలను అమలుపరచిన సంక్షేమాధికారి షాబాను నేనే కనుక, ఈ వివరణ ఇచ్చుకునే బాధ్యత కూడా నామీదే పడింది.

వీఫ్యా కొండల మీది పైన్ మానులను పల్చని రేకులుగా చెక్కి, ఆ రేకులను ఒకదానిమీద ఒకటి అంటించి మేము పలకలు చేస్తాం. అంటించడానికి జిగురు కావాలి. జిగురు ఖరీదైనది కాబట్టి అందులో మొక్కజొన్న పిండి కలుపుతాం. పిండి కలిస్తే జిగురు చిక్కబడుతుంది, చెక్క దాన్ని ఊరికే పీల్చేయదు, పలక గట్టిగా నిలుస్తుంది. ప్రపంచంలో చాలాచోట్ల ఇలాగే చేస్తారట. కాకపోతే వాళ్ళు పిండి బస్తాను చూసి జిగురు గురించి ఆలోచించగలరు. మాకు అది చేతకాదు. మా ముద్ద మొక్కజొన్న సంకటి. దాన్ని న్సిమా అంటాం. అది లేకుండా ఒక మేకను మొత్తం తిన్నా, "ఇవాళ ఏమీ తినలేదు" అనే అంటాం. అలాంటి జనం మధ్య, గాదెలు ఖాళీ అయి, చేలో కంకులు ఇంకా పాలైనా పట్టని వానాకాలంలో, తెల్లటి పిండి బస్తాలు నిలువెత్తున పేర్చి "ఇది చెక్కకు" అని చెప్పడం యాజమాన్యం చేసిన సాహసం.

పిండి ఇళ్ళకు చేరినకొద్దీ జిగురులో పిండి తగ్గింది, నీళ్ళు పెరిగాయి. మేము తలుపులు పంపిన ఒక బడి హెడ్మాస్టరు వానలు పడ్డాక ఎంతో మర్యాదగా జాబు రాశాడు. ఒక్కో తలుపుకు మూడేసి తలుపులు అందాయనీ, కంపెనీ ఉదారతకు కృతజ్ఞతలనీ, అయితే అన్నీ మరీ పల్చగా ఉన్నందువల్ల మేకలు వాటిలోంచి నడిచి వస్తున్నాయనీ అందులో ఉంది.

జనరల్ మేనేజరు జెరె గారు వెంటనే రంగంలోకి దిగారు. మొదట పాదిరి గారిచేత దొంగతనం మీద ప్రసంగం చేయించారు. ఖాళీ కడుపుతో విన్నందువల్ల అందరికీ బాగా వంటబట్టింది. ఆ తరువాత నా సలహామీద గోదాము గోడపై "ఈ పిండి తినదగినదే అయినప్పటికీ తినరాదు" అని పెద్ద అక్షరాలతో రాయించాం. అందులో ఏదో మందు కలిసి ఉంటుందని అంతవరకూ భయపడి దూరంగా ఉన్నవాళ్ళకు ఆ రాతతో ధైర్యం వచ్చింది. సలహా నాది కనుక ఆ ఘనతా నాదే.

ఇక మిగిలింది రంగు. విషం కలుపుదామని ఒకరన్నారు గానీ, చచ్చినవాడు డ్యూటీకి రాడని జెరె గారు దూరదృష్టితో తోసిపుచ్చారు. కేకుల్లో వాడే నీలం రంగు తెప్పించి కలిపించారు. రెండు రేకుల మధ్య ఏ రంగుంటే ఎవడు చూడొచ్చాడు? ఇంట్లో నీలం సంకటి పెట్టుకున్నవాడు మాత్రం సిగ్గుతో తల ఎత్తుకోలేడని మా అంచనా.

సిగ్గుపడ్డారు, నిజమే. ఒక వారం పడ్డారు. ఆ పైన సంతలో నీలం పిండికి గిరాకీ పెరిగింది. కంపెనీ సరుకు కదా, పురుగుండదు, రాయుండదు, రంగే దానికి ముద్ర. కొందరు మామూలు పిండిలో రంగు కలిపి కంపెనీ పిండని అమ్ముతున్నారని, ఈ మోసాన్ని అరికట్టమని జనం నా దగ్గరకే ఫిర్యాదు తెచ్చారు. ఒక పెళ్ళిలో వియ్యాలవారికి తెల్ల సంకటి వడ్డించారట. ఇంత చులకనా మేమంటే, అని వాళ్ళు కంచాల ముందు నుంచి లేచిపోయారు.

అప్పుడు వచ్చింది హెడ్డాఫీసు ఆదేశం. శుక్రవారంలోగా దొంగను పట్టివ్వాలి, లేనిపక్షంలో సంక్షేమాధికారి తన సంక్షేమం తానే చూసుకోవాలి. రంగు నాలుకకు అంటుతుంది కాబట్టి నాలుకలు తనిఖీ చేయమని దారి కూడా వాళ్ళే చూపించారు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఇంత తేలికైన పని నా సర్వీసులో ఎన్నడూ దొరకలేదు. గురువారం సాయంత్రం ఇంట్లో అద్దం ముందు నిలబడి, చేయి తిరగడం కోసం, ముందుగా నా నాలుకనే తనిఖీ చేశాను. నీలంగా ఉంది.

"న్యాగోండ్వే," అని మా ఆవిడను కేకేశాను. మా వైపు ఆడవాళ్ళను పుట్టింటి వంశం పేరుతోనే పిలుస్తాం. "మనింట్లో పిండి ఎక్కడిది?"

"సంతలోది."

"ఏ రంగు?"

"రోజూ రెండు పూటలా తింటూనే ఉన్నారుగా, ఇవాళ కొత్తగా అడుగుతున్నారేం?"

"దీపం వెలుగులో ఆకుకూర పసరేమో అనుకున్నాను."

"అనుకోండి, అనుకోవడానికేం. మీ గోదాము గుమాస్తా పెళ్ళాం అమ్ముతోంది, తెల్లదానికన్నా శుభ్రంగా ఉంటుంది, పైగా కొసరు వేస్తుంది. సొంత కంచంలో ఏముందో తెలీదు గానీ, ఊళ్ళోవాళ్ళ నోళ్ళు చూడ్డానికి బయల్దేరాడట ఆఫీసరుగారు."

మర్నాడు గేటు దగ్గర అందరినీ వరుసలో నిలబెట్టాం. జెరె గారు ప్రసంగించారు. "సోదరులారా! ఈ దేశాన్ని అంటించి నిలబెడుతున్నది మన జిగురు. ఆ జిగురును మింగినవాడు దేశాన్నే మింగినవాడు!" రెండోసారి దేశం దగ్గర నోరు మరీ పెద్దదిగా తెరవడంతో ముందు వరుసకు లోపలి సంగతి కనిపించింది. మావాళ్ళు మర్యాదస్తులు. అందరూ తమ బూట్లవంక చూసుకున్నారు. జెరె గారు చేతిరుమాలు నోటికి అడ్డం పెట్టుకుని, జలుబు అని చెప్పి కూర్చున్నారు.

నేను టార్చిలైటు పట్టుకుని తనిఖీ మొదలుపెట్టాను. నా నోరు మాత్రం తెరవలేదు. దొంగకు తేలు కుట్టినట్టు, ప్రతివాడి దగ్గరా "ఊఁ" అని మూలిగి ముందుకు జరిగాను. రంపం వాళ్ళది నీలం. బాయిలరు వాళ్ళది నీలం. గోదాము గుమాస్తాది చిక్కటి సిరా. తిలా పాపం తలా పిడికెడు అన్నట్టుంది వరుస. నాకు చెమటలు పోస్తున్నాయి, ఎందుకంటే అందరూ దొంగలైతే హెడ్డాఫీసుకు దొంగ దొరకనట్టే.

చివర నిలబడ్డవాడు జిగురు కలిపే యోతాము కుమ్వెండా. నాలుక బయటపెట్టాడు. పాలు తాగే పిల్లవాడి నాలుకలా ఎర్రగా ఉంది.

"ఇదేమిటి?" అన్నాను, అదాటున నోరు తెరిచి.

"నాలుక సారూ."

"ఏం తింటున్నారు మీ ఇంట్లో?"

"గుమ్మడికాయ ఉడకేసుకుంటున్నాం. అదీ అయిపోవచ్చింది. పిండి నా చేతిమీదుగా పోతుంది కదా, ముట్టుకుంటే బాగుండదని. మా ఆవిడ రోజూ తిడుతూనే ఉంది, పిల్లలు పక్కింటి పొయ్యి దగ్గరే కూర్చుంటున్నారు."

వరుసలో గొణుగుడు మొదలైంది. "మహా మొనగాడు." "మనందరి మొహానా మసి పూద్దామనేగా." "పిల్లల్ని మాడ్చి పేరు తెచ్చుకుంటాడంట."

జెరె గారూ నేనూ విచారణ సంఘంగా ఏర్పడి లోపలికి వెళ్ళాం. సంఘం నిర్ణయం ఇది: వాతావరణంలోనే నీలం ఉన్న కర్మాగారంలో ఒక్క నాలుక ఎర్రగా ఉండడం సహజం కాదు. నేరం చేసినవాడికే ఆధారాలు చెరపవలసిన అవసరం ఉంటుంది. కుమ్వెండా నాలుక కడుక్కున్నాడు. కనుక దొంగ దొరికాడు.

"పుట్టినప్పటి నుంచీ ఇదే రంగు సారూ," అన్నాడు కుమ్వెండా, ఉద్యోగం తీసేసిన కాగితం చేతికిచ్చాక.

"అందరికీ మారినప్పుడు నీకెందుకు మారలేదు?" అన్నారు జెరె గారు రుమాలు వెనకనుంచి.

కుమ్వెండా నావైపు తిరిగాడు. "షాబా సారూ, మీరొక్కసారి నోరు తెరవండి."

నేను "ఊఁ" అన్నాను. అతను నెత్తిమీది కంపెనీ టోపీ తీసి బల్లమీద పెట్టి వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రం నాకు నిజంగానే సిగ్గేసింది, మొదటి ముద్ద గొంతు దిగలేదు. రెండోది దిగింది.

వానలు తగ్గకముందే కుమ్వెండా భార్య మా ఇంటికి వచ్చి, న్యాగోండ్వేను అడిగి ఒక గిన్నెడు పిండి పట్టుకెళ్ళిందట. తరువాతి వారం అతను గేటు దగ్గర కనిపించాడు. నమస్కారం కూడా పెట్టకుండా నాలుక బయటపెట్టాడు. నీలం, అంచుల దాకా.

"కడగలేదు సారూ. చూసుకోండి."

పాతికేళ్ళ నా సర్వీసులో అంత నిజాయితీగా తప్పు దిద్దుకున్న మనిషిని చూడలేదు. ఆధారాలు దాచే అలవాటు మానుకున్నందున ఇతణ్ణి తిరిగి విధుల్లోకి తీసుకోవచ్చునని నేను సిఫారసు చేశాను, జెరె గారు ఆనందంగా సంతకం పెట్టారు. వరుసలోవాళ్ళు అతని వీపు తట్టారు, తమ పక్కన చోటిచ్చారు. అతను టోపీ పెట్టుకుని జిగురు తొట్టి దగ్గరకు వెళ్ళాడు. ఇప్పుడు జిగురు ఇంకాస్త పల్చగా వస్తోంది, బడుల నుంచి జాబులు కూడా వస్తున్నాయి, కానీ మా కర్మాగారంలో నమ్మదగని మనిషంటూ ఒక్కడూ లేడు.

మీ చోట ఏ రంగు వాడతారో నాకు తెలియదు. ఉద్యోగం ఇంకా ఉందంటే మీకు తెలిసే ఉంటుంది.